కాగితానికి ముందువైపు

నా ఇంజనీరింగ్ చదువులో సగం రైల్లో నిద్రలోనే గడిచింది. గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదు గానీ, ఆ నాలుగేళ్ళ గురించి ఎవరడిగినా నాకు మొదట గుర్తొచ్చేది అదే. రేపల్లెలో పొద్దున్నే రైలెక్కి కిటికీ పక్కన కూర్చునేదాన్ని. కదిలేదాకా మెలకువగానే ఉండేదాన్ని. పల్లికోన వచ్చేసరికి తల కిటికీ ఊచకి ఆనేది. ఆ తర్వాత భట్టిప్రోలు, వేమూరు, జంపని, ఈ ఊళ్ళన్నీ నాకు చప్పుళ్ళుగానే తెలుసు. ఒకచోట పాల క్యాన్లు ఎక్కించే చప్పుడు, ఒకచోట పూలబుట్ట దింపమని అరిచే ఒకావిడ గొంతు, ఒకచోట ఏమీ లేకుండా గాలి ఒక్కటే. తెనాలిలో ఎవరో ఒకరు మోచేత్తో పొడిచి, "దిగవేంటమ్మా, తెనాలొచ్చింది" అనేవారు.

తెనాలిలో ఇంకో రైలు పట్టుకుని బాపట్ల వెళ్ళాలి. ఆ రైల్లో నిద్ర ప్రమాదం, ఎందుకంటే అది బాపట్లతో ఆగదు. నాలుగేళ్ళలో రెండుసార్లు చీరాల చూసి వచ్చాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆ భయం లేదు. పట్టాలు మా రేపల్లెతో అయిపోతాయి కాబట్టి ఎంత మొద్దునిద్ర పోయినా ఇంటికే చేరతాం. చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళితే బాపట్ల ఇంకా దగ్గర. కానీ రైలు పాసు చవక. నిజం చెప్పాలంటే చవక అనేది నాన్నకి చెప్పిన కారణం. నాకు కావలసింది ఆ కిటికీ.

ఈ ఏడాది జూలైలో మా చెల్లెలు నన్నొక మాట అడిగింది. నాకూ దానికీ పన్నెండేళ్ళ తేడా. ఇంటర్ పాసై, బాపట్లలోనే ఇంజనీరింగ్ సీటు తెచ్చుకుంది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు పోగా మిగతాదానికీ, హాస్టల్‌కీ లోను తీసుకోవాలి. ఫీజు కట్టడానికి పది రోజులే గడువుంది. అప్పటికి నా చదువు లోను ఆఖరి వాయిదా కట్టి రెండు నెలలైంది.

"అక్కా, నిజం చెప్పు. అప్పు చేసి చదివినందుకు నీకేమన్నా మిగిలిందా?"

నాన్న పక్కనే ఉన్నాడు. "కష్టం పడింది అది. అదేం చెబితే అదే" అని నిర్ణయం నా మీదికి నెట్టేశాడు. నేను వద్దంటే చెల్లెలు ఊళ్ళోనే ఏదో ఒక డిగ్రీలో చేరుతుంది, లేదా తెనాలిలో ఏదైనా షాపులో పనికి కుదురుకుంటుంది. నేను వద్దనే అందామనుకున్నాను. చాలా ఏళ్ళుగా మనసులో తయారుచేసి పెట్టుకున్న మాట అది.

మా లోను కథ చెప్పాలంటే నాన్న కథ చెప్పాలి. నాన్న కౌలు రైతు. మాది లూథరన్ కుటుంబం. పంట ఇంటికొచ్చి బియ్యం ఆడించాక, ఇంట్లో మొదటి అన్నం వండకముందే ఒక సంచి కొత్త బియ్యం మా గుడికి, అంటే చర్చికి, వెళుతుంది, ఒక సంచి పొలం ఆసామి ఇంటికి వెళుతుంది. ఆసామికిచ్చేది కౌలులో భాగం కాదు, దాని మీద అదనం. ఆ రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. సంచిని సైకిలు మీద కాకుండా భుజాన వేసుకుని వెళతాడు. ఆసామి "ఎలా ఉందయ్యా ఈసారి?" అంటే, గాలివానకి సగం చేను పడిపోయిన ఏడాది కూడా, "దేవుడి దయండి, లోటేం లేదండి" అనే చెప్పేవాడు.

నాకు ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు ఇక్కడ రాయను. కౌన్సెలింగులన్నీ అయిపోయాక మిగిలిపోయిన సీటొకటి స్పాట్ అడ్మిషన్‌లో దొరికింది. దానికి ప్రభుత్వం ఫీజు ఇవ్వదు. అందుకని నాన్నా నేనూ రేపల్లెలో బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరుగారు ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చారు. నాన్న ఒక్కో సంతకాన్నీ ఇంటిపేరుతో సహా, తెలుగులో, దిద్దినట్టు పెట్టాడు. నేను చకచకా గీకేశాను. మాటల మధ్యలో మేనేజరుగారు, చదువయ్యాక ఏడాదికి కట్టడం మొదలుపెడితే చాలన్నారు.

"అప్పటిదాకా ఏమీ కట్టక్కర్లేదా అండి?" అన్నాడు నాన్న.

"అక్కర్లేదండి."

నాన్నకి అది మింగుడుపడలేదు. ఇంటికొచ్చేదాకా అదే మాట. "పంటలు వచ్చిపోతున్నా ఏమీ అడగని అప్పేంటమ్మా, ఎక్కడన్నా విన్నామా?"

ఆ ఏడాది కొత్త బియ్యం వచ్చాక మూడో సంచి తయారైంది. అది బ్యాంకు మేనేజరుగారికి. అమ్మ నవ్వింది, నేను సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని సంచి భుజాన వేసుకున్నాడు. డబ్బు ఆయన సొంత జేబులోంచి తీసిచ్చారని నాన్న అనుకున్నాడా అంటే, అంత అమాయకుడేమీ కాదు. ఇచ్చినవాడి గడప తొక్కకుండా పంట తినడం ఆయనకి చేతకాలేదు, అంతే.

రెండో ఏడు నాకు సెలవు కావడంతో నేనూ వెంట వెళ్ళాను. అప్పటికి మేనేజరు మారిపోయాడు. కొత్తాయన కుర్రవాడు, సంచి చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"ఇవన్నీ వద్దండి. ఎవరైనా చూస్తే లంచం అనుకుంటారు."

"లంచం కాదండి, కొత్త బియ్యం" అన్నాడు నాన్న, ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు కూడా ఉంటారా అన్నట్టు.

"సరే గానీ, ఆదాయ సర్టిఫికెట్ తెచ్చారా? పోయినేడాదిది కూడా పెండింగులో ఉంది."

"తెస్తానండి. పంట బాగానే వచ్చిందండి, లోటేం లేదండి."

నేను అద్దం తలుపులోంచి వీధి చూస్తున్నాను. ధాన్యం లారీలు ఒకదాని వెనక ఒకటి మిల్లుల వైపు పోతున్నాయి, వాటి వెనక పొట్టు ధూళి ఎండలో మెల్లగా తేలుతోంది. దాన్ని ఎలా గీయాలా అని ఆలోచిస్తున్నాను. సర్టిఫికెట్ మాట నాకు వినబడకపోలేదు. రైల్లో ఊళ్ళ పేర్లు వినబడ్డట్టు వినబడింది.

ఆ బియ్యం చివరికి ఎవరింటికి చేరేదంటే, గేటు దగ్గర తుపాకీతో కూర్చునే సెక్యూరిటీ ఆయనింటికి. మిలటరీలో చేసి వచ్చిన మనిషి, రేపల్లె ముస్లిం కుటుంబం. తెచ్చిన సంచి వెనక్కి మోసుకెళ్ళడానికి నాన్న ఒప్పుకోడు, ముట్టుకోవడానికి మేనేజరు ఒప్పుకోడు. మధ్యలో ఆయనే పాపం పరిష్కారం చూపించాడు. మళ్ళీ కనబడినప్పుడు, "అన్నా, కొత్త బియ్యం గదా, అన్నం ముద్దయిపోయింది. నీళ్ళు తగ్గించి పెట్టమన్నాను" అని కబురు చెప్పేవాడు. నాలుగేళ్ళూ ఇదే తంతు. మేనేజర్లు మారారు గానీ బియ్యం మాత్రం దారి తప్పకుండా ఆయనింటికే చేరింది.

లోను కాగితాలు నా కాలేజీ బ్యాగులో ఉండేవి. ఏటా ఫీజు కట్టేటప్పుడు కావాలని నాన్న ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, "నీ దగ్గరే ఉంచుకో, పారేసేవు" అని ఇచ్చాడు. పారేయలేదు. ఒకవైపే అచ్చువేసిన కాగితాలు, వెనకవైపంతా తెల్లగా, మంచి మందంగా ఉండేవి. మెలకువగా ఉన్నప్పుడు వాటి మీద బొమ్మలు వేసుకునేదాన్ని. మంచులో సగమే కనబడే తాటిచెట్లు, బకింగ్‌హాం కాలవ, నోరు తెరిచి నిద్రపోయే ప్యాసింజర్లు. పంటకోతలయ్యాక చేలు ఎంత దూరం కనబడేవో, అంత దూరమూ ఆ కాగితాల మీదికి ఎక్కించాలని నా తాపత్రయం. ఎలక్ట్రానిక్స్ పుస్తకంలో ఏముందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ చేల రంగు నెలనెలా ఎలా మారేదో ఇప్పటికీ చెప్పగలను.

చదువు పూర్తయింది. హైదరాబాదులో ఆరు నెలలు హాస్టల్లో ఉండి ఇంటర్వ్యూలకి తిరిగాను. ఒక్కచోటా కుదరలేదు. మళ్ళీ రేపల్లె రైలే ఎక్కి, తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పే పనిలో చేరాను. వాయిదాలు మొదలయ్యే రోజున బ్యాంకులో చూస్తే, మూడు లక్షలు తీసుకున్న లోను నాలుగు దాటి ఉంది. వడ్డీ అన్నారు. వానాకాలంలో వాన పడిందంటే ఎంత ఆశ్చర్యపోతామో అంతే ఆశ్చర్యపోయాను. ఏడేళ్ళపాటు జీతంలో సగం పైన బ్యాంకుకు వెళ్ళింది. పెళ్ళి మాట వస్తే "లోను అయ్యాక చూద్దాం" అనేదాన్ని. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

నాతో ఇంటర్ చదివిన ఒకమ్మాయి అదే రైల్లో తెనాలికి వచ్చేది, బట్టల షాపులో పని. ఒకరోజు మాటల్లో జీతాలు చెప్పుకున్నాం. తేడా రెండు వేలు. ఆ అమ్మాయికి వాయిదాలు లేవు. ఆ రోజు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. తర్వాత ఆ అమ్మాయే ఒక ఇన్సూరెన్సు కాగితం తెచ్చి, "నువ్వు ఇంజనీరువి గదా, ఇందులో ఏముందో కాస్త చెప్పవా" అంది. చదివి చెప్పాను. ఆ తర్వాత మా రైలు పెట్టెలో వాళ్ళంతా తేవడం మొదలుపెట్టారు. పింఛను ఫారాలు, చిట్టీ కాగితాలు, ఆస్పత్రి బిల్లులు. అంత మందికి అక్కరకొస్తుంటే లోలోపల గర్వంగానే ఉండేది. నా డిగ్రీకి ఇదొక్కటే ఉద్యోగం అని నా మీద నేనే జోకు వేసుకునేదాన్ని.

ఇక ఈ జూలైకి వస్తాను. నేను వద్దని చెప్పేలోపు, కనీసం వివరాలు కనుక్కుందామని చెల్లెలు నన్ను బ్యాంకుకు లాక్కెళ్ళింది. అక్కడ నాకంటే చిన్న వయసు ఆఫీసరమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"కౌన్సెలింగ్‌లో బియ్యం కార్డు సరిపోయుంటుంది గానీ, మాకు మాత్రం తహసీల్దారుగారి ఆదాయ సర్టిఫికెట్ కావాలండి. అది ఏటా ఇస్తే, చదువుకునే కాలానికి వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి." ఆగి నా వైపు చూసింది. "మీరు కూడా ఇక్కడే తీసుకున్నానన్నారు గదండి, మీకూ వచ్చి ఉండాలే."

నా పాత నంబరు కొట్టి చూసింది. "రాలేదండి. సర్టిఫికెట్ పెండింగ్ అనే ఉంది, నాలుగేళ్ళూ. లోను క్లోజయిపోయింది కాబట్టి ఇప్పుడింక చేసేదేం లేదండి."

మూడు మీద పెరిగిన ఆ లక్ష పైచిలుకు నేను కట్టనవసరం లేనిది. నా లెక్కలో అది ఏడాదిన్నర పాటు కట్టిన వాయిదాలు. ఇంటికి నడిచొస్తుంటే చెల్లెలు ఏదో మాట్లాడుతోంది, నాకేమీ ఎక్కలేదు. నాన్న వసారాలో కూర్చుని పురుగుమందు కొట్టే మిషన్ శుభ్రం చేస్తున్నాడు.

"నాన్నా, బ్యాంకువాళ్ళు ఆదాయ సర్టిఫికెట్ అన్నిసార్లు అడిగితే ఎందుకియ్యలేదు? అదిచ్చుంటే చదువుకున్నన్నాళ్ళ వడ్డీ ప్రభుత్వమే కట్టేదట."

నాన్న చేతిలో గుడ్డ ఆగింది. "అందులో ఏం రాస్తారో తెలుసు గదమ్మా. ఏడాదంతా కలిపి ఈ మనిషికొచ్చేది ఇంతేనని రాస్తారు. అది చూశాక లోను ఎవరిస్తారు? ఇచ్చింది కూడా మధ్యలో ఆపేస్తారేమోనని భయమేసింది. లేదని చెప్పుకునేవాడికి పొలం కౌలుకెవరిస్తారు, చెప్పు. బ్యాంకూ అంతేననుకున్నా."

"అందుకని బియ్యం మోశావా?"

"పంటున్నోడేనని తెలవాలి గదా."

ఆ క్షణంలో నాకు జాలి రాలేదు, కోపమే వచ్చింది. ఇంట్లో ఉన్నది పేదవాళ్ళకిచ్చే బియ్యం కార్డు, భుజాన బ్యాంకుకు మోసింది కొత్త బియ్యం. "నీ ఇస్త్రీ చొక్కా ఖరీదు లక్ష రూపాయలు నాన్నా" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. నాన్న కోప్పడలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"ఈ వడ్డీ సంగతి మనం సంతకాలు పెట్టిన కాగితాల్లో రాశారా?"

బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి వెతికాను. తొమ్మిదో షరతు. రెండే రెండు లైన్లు.

"రాశారు" అన్నాను.

"ఏ భాషలో?"

"ఇంగ్లీషులో."

"నాకు తెలుగు బైబిలు చదవడం వచ్చు. ఇంగ్లీషు కాగితం చదవడానికే గదమ్మా నిన్ను పంపించింది. నాలుగేళ్ళూ నీ సంచిలోనే ఉంది గదా అది."

రైలు పెట్టెలో ఊరందరి కాగితాలూ చదివి పెట్టినదాన్ని, నా పేరు మీదున్న ఒక్క కాగితం చదవలేదు. ఆ మేనేజరు నా ఎదురుగానే అడిగాడు. అదేం సర్టిఫికెట్టని నేను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. సిగ్గేసింది. నాన్న మళ్ళీ మిషన్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆ కాగితం మూల మడిచిపెట్టి, అక్కడే గడప మీద కూర్చున్నాను.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే నాన్న ఆ సర్టిఫికెట్ కోసం బయల్దేరాడు, నేనూ వెంట వెళ్ళాను. ఇస్త్రీ చొక్కాతోనే. మా వార్డు సచివాలయంలో క్యూ ఉంది, అందులో మా పక్క చేను కౌలుకి చేసే ఆయన కూడా ఉన్నాడు. మా వంతు వచ్చాక కంప్యూటరు ముందున్న అబ్బాయి అడిగాడు.

"సంవత్సరాదాయం ఎంతండి?"

నాన్న చెప్పాడు. ఆ అబ్బాయికి వినబడలేదు. "కొంచెం గట్టిగా చెప్పండి బాబాయ్" అన్నాడు. నాన్న గొంతు సవరించుకుని, గది అంతా వినబడేలా మళ్ళీ చెప్పాడు. ఆ అంకె నేను పుట్టి ముప్పై ఏళ్ళకి మొదటిసారి విన్నాను. అందులోంచి నా పుస్తకాలకీ, రైలు పాసుకీ పోను మిగిలినదాంతో ఇల్లెలా నడిపారో, ఆ సంచులెలా నింపారో లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. నాన్న నా వైపు చూడలేదు. రసీదు మడిచి జేబులో పెట్టుకుని, "పద" అన్నాడు.

ఆ తర్వాతి వారం, ఫీజుల వివరం కాగితం కోసం చెల్లెలూ నేనూ బాపట్ల బయల్దేరాం. మళ్ళీ అదే పొద్దుటి రైలు. నారుమళ్ళు పచ్చగా చదరాలు చదరాలుగా ఉన్నాయి, వాటి మీద ఎండ ఇంకా పడలేదు. చెల్లెలి ఒళ్ళో కొత్త లోను ఫారాలు, వాటితో పోల్చి చూసుకోవడానికి నా పాత కాగితాలు. దానికి నేనొక్క షరతే పెట్టాను. ప్రతి లైనూ నాకు తెలుగులో చదివి చెప్పాలి, ఆ తర్వాతే సంతకం.

పల్లికోన దాటగానే దాని తల కిటికీ ఊచకి ఆనింది. నా చెల్లెలే మరి. భుజం తట్టాను.

"నువ్వు నా ప్రశ్నకి ఇంకా జవాబు చెప్పలేదక్కా" అంది కళ్ళు నులుముకుంటూ. "మిగిలిందా, లేదా?"

వద్దు అనే మాట అన్నేళ్ళు తయారుచేసుకున్నాను గదా, అది ఎక్కడా కనబడలేదు. "నాకు తెలీదే. కట్టిన డబ్బు లెక్క చెప్పగలను. మిగతాది ఇంకా తేలలేదు. నీ కాగితం నువ్వు పూర్తిగా చదువు. చదివాక కూడా కావాలనిపిస్తే, నీ పక్కన సంతకం నేను పెడతాను."

అది తల ఊపి, నా పాత కాగితాలు తిరగేసింది. ఒకచోట ఆగి, కాగితాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుంది.

"అక్కా, ఇది నాన్న గదూ?"

వంగి చూశాను. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, బ్యాంకు అద్దం తలుపు ముందు నిలబడిన మనిషి. వెనక ధాన్యం లారీ, దాని పొట్టు ధూళి. రెండో ఏడు నేను వేసిన బొమ్మ అది. ఎక్కడ వేశానో మర్చిపోయాను. ఏ పేజీయో చూడనక్కర్లేదు, పోయినవారం నేను వెతికి తీసి మూల మడిచిపెట్టింది ఆ ఒక్క కాగితమే.

"నాన్నే" అన్నాను.

"భలే వేశావు."

"అది తిప్పు" అన్నాను. "ముందువైపు తొమ్మిదో షరతు ఉంటుంది. గట్టిగా చదువు. నేను వింటున్నాను."